నొప్పి బిళ్ళ, అతిమధురపు పొట్లము

మార్చి నెల సగము గడిచేసరికి కర్నూలు వీధులలో నన్నారి షర్బతు బండ్లు వెలుస్తాయి. గాజు గ్లాసులో ముదురు గోధుమరంగు పాకము, దానిమీద నిమ్మరసము, నానబెట్టిన సబ్జా గింజలు, పైన చల్లటి సోడా. మా రాయలసీమలో ఎండకు ఇంతకంటె మంచి పానీయము లేదని నా నమ్మకము. దీనికి శాస్త్రీయాధారము నన్ను అడుగవద్దు.

ఈ వేసవిలో ఒక సాయంత్రము అటువంటి బండి దగ్గర నిలబడి ఉండగా, మునుపు నా వద్దకు వైద్యమునకు వచ్చిన ఒక పెద్దమనిషి గుర్తుపట్టి పలుకరించినాడు. "మోకాళ్ళకు రోజూ బిళ్ళ ఏసుకుంటాండా సార్. కడుపులో మంట లేస్తాది. అందుకే దినాము సాయంత్రం ఇది తాగుతాండా. నన్నారి పేగుపూతకు మంచిదంట గదా?" అని అడిగినాడు. బండి దగ్గర నిలబడి చెప్పగలిగినంత చెప్పినాను. చెప్పలేనిది చాలా మిగిలినది. అది ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆయన మాటలో కొంత నిజము లేకపోలేదు. మన నన్నారి పాకమునకు వాడే వేళ్ళు ఎక్కువగా నల్లమల, శేషాచలము, లంకమల కొండలలో రాళ్ళ సందులలో పెరిగే ఒక తీగవి. నన్నారి కొమ్ములని, మారేడు కొమ్ములని వాటిని పిలుస్తారు. సుగంధపాల అనే సన్నని వేరు వేరొక మొక్కది. వాసన ఇంచుమించు ఒకటే. ఈ కొమ్ములపై మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పనిచేసి, వేరులోని పెక్టిను వంటి ఒక పిండిపదార్థము ఎలుకల జఠరములో పుండ్లు పడకుండా కొంత కాపాడిందని, జఠరపు గోడపై జిగురును పెంచిందని 2007లో ప్రకటించినారు.

అయితే ఆ పెద్దమనిషి త్రాగుతున్న గ్లాసులో ఆ పిండిపదార్థము ఎంత ఉన్నది? నన్నారి పరిమళము ఒక చిన్న సుగంధ రసాయనమునుండి వస్తుంది. పుండును అడ్డుకొన్నది అది కాదు, వేరు కండలో ఉండే వేరొక పదార్థము. ఇప్పుడు అంగళ్ళలో దొరికే సీసాలలో చాలా వాటియందు పరిమళము కూడ వేరునుండి రాదు, ఎసెన్సునుండి వస్తుంది. మిగిలినదంతా చక్కెర. ఆయనకు మధుమేహము కూడ ఉన్నదన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చినది.

ఒక మూలికకు గుణము ఉండటము వేరు, ఆ గుణము మన చేతిలోని గ్లాసులో ఉండటము వేరు. కాని నన్ను కలత పెట్టే విషయము ఇది కాదు. ఎసెన్సు కలిపిన చక్కెరనీళ్ళు జఠరమును కాపాడవు, అంతటితో సరి. నిజముగా పనిచేసే మూలికతో నాకొక అనుభవము ఉన్నది. ఆ కథకు ముందు, జఠరపు గోడను గూర్చి నాలుగు మాటలు చెప్పాలి.

మన జఠరము తయారుచేసే హైడ్రోక్లోరికు ఆమ్లము మాంసమును జీర్ణింపజేయగలదు. జఠరము కూడ మాంసమే. అది తనను తాను ఎందుకు జీర్ణించుకోదు? లోపలి పొరపై దట్టమైన జిగురు ఒకటి పరచుకొని ఉంటుంది. ఆ జిగురులోకి పొర కణములు క్షారమును విడుదల చేస్తూ ఉంటాయి. దీనివలన జఠరము నడుమ ఆమ్లము ఎంత తీవ్రముగా ఉన్నా, కణములను తాకే చోట దాని పదును చాలావరకు విరిగిపోతుంది. జిగురు క్రింద ఉన్న పైవరుస కణములు కొద్ది రోజులకొకసారి రాలి, కొత్తవి పుడతాయి. వాటికి ఆహారమును, ప్రాణవాయువును రక్తము అందిస్తుంది. జిగురు, క్షారము, కణముల పుట్టుక, రక్తప్రసరణ, ఈ నాలుగింటికి ప్రోస్టాగ్లాండినులనే పదార్థములు కావలివాళ్ళవంటివి.

అవే ప్రోస్టాగ్లాండినులు దెబ్బ తగిలిన కీలులో నొప్పిని, వాపును కలిగిస్తాయి. ఆస్పిరిన్ వంటి మందులు వాటి ఉత్పత్తిని ఆపి నొప్పి తగ్గిస్తాయని జాన్ వేన్ 1971లో చూపినాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడ ఆ కుటుంబమువే. మోకాలిలో ప్రోస్టాగ్లాండినును ఆపే బిళ్ళ జఠరములో మాత్రము ఊరుకోదు. అక్కడి కావలివాళ్ళను కూడ ఇంటికి పంపుతుంది. ఇందువలననే ఆ బిళ్ళను అన్నము తిన్న తరువాత వేసుకొన్నా, అదే మందును సూదిగా పొడిపించుకొన్నా ప్రమాదము పూర్తిగా తప్పదు. "సూదైతే కడుపుకు తగలదు గదా సార్" అని అడిగినవారు నా వృత్తి జీవితములో వందలమంది. తగులుతుంది. అది రక్తములోనుండి వచ్చి తగులుతుంది.

పేగుపూతకు రెండవ పెద్ద కారణము హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దానిని వెలికి తీసినారు. మార్షల్ 1984లో ఆ జీవులను తానే త్రాగి జబ్బు తెచ్చుకొన్నాడు. 2005లో ఇద్దరికి నోబెల్ వచ్చినది. దానికి చికిత్స వేరు: రెండు మూడు క్రిమినాశకములు, ఆమ్లమును తగ్గించే మందు, పది పదునాలుగు రోజులు. ఏ కషాయమూ ఆ పని చేయదు.

ఇక నా కథ.

1990ల నడుమ సంగతి. బేతంచెర్ల వైపు ఒక గ్రామమునుండి యాభై ఏళ్ళు దాటిన ఒక మనిషి నా వద్దకు వచ్చినాడు. నాపరాతి గనిలో బండలు లేపే పని. దేశమంతటా ఇండ్లలో వంటగట్లకు, నేలకు పరుచుకొనే కడప బండలు అటువంటి గనులనుండి వచ్చేవే. మా ప్రాంతములో మోకాలు, నడుము అరగని గని కూలీని నేను చూడలేదు. అతడు రెండేళ్ళుగా ఉదయమొకటి, రాత్రియొకటి డైక్లోఫెనాక్ బిళ్ళ వేసుకొంటున్నాడు. గ్రామములోని ఆర్.ఎం.పి. వైద్యుడు ఇచ్చినది మొదట వారము దినములకే. తరువాత బిళ్ళల అట్ట చూపితే అంగడిలో ఎవరైనా ఇచ్చేవారు.

బిళ్ళలు మానుమన్నాను. అతడు నవ్వినాడు. "మానితే పొద్దున లేసేకి కాదు సారూ. లేయకుంటే కూలి లేదు. కూలి లేకుంటే మీ కాడికి వచ్చేకి గూడా దుడ్డు ఉండదు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తగ్గించమని, బిళ్ళతోపాటు రానిటిడిన్ వేసుకొమ్మని వ్రాసి ఇచ్చినాను. రక్తపీడనము చూస్తే 164/100 ఉన్నది. మూత్రము ఎక్కువగా పోయేటట్లు చేసి రక్తపీడనమును తగ్గించే థయజైడు జాతి బిళ్ళ ఒకటి ప్రారంభించినాను. చవకైనది, రోజుకు ఒకటి చాలు. ఆ మందుల చీటీని ఈనాడు చూసినా, అందులోని ఒక్కొక్క మందుకు తప్పు పట్టటము కష్టమే.

వెళ్ళబోతూ అతడు, "కడుపు మంటకు ఒక పొడి తింటాండా సారూ, అది తినొచ్చా?" అని అడిగినాడు. ఏ పొడి అని నేను అడుగలేదు. వెలుపల ముప్పైమంది కూర్చొని ఉన్నారు. "ఆకులు అలములు ఏవైనా తిను, నా మందులు మాత్రము మానకు" అన్నాను. ఆ వాక్యము నాకు అక్షరముతో సహా గుర్తున్నది.

మూడు వారముల తరువాత అతనిని ఒక టెంపోలో పడుకోబెట్టి తెచ్చినారు. రెండు కాళ్ళు కదలటము లేదు. చేతులు ఎత్తలేడు. స్పృహ బాగున్నది, మాట బాగున్నది, ముఖము వంకర పోలేదు. పక్షవాతమని ఇంటివారు అనుకొన్నారు. దారిలో ఒకచోట పసరు మందు కూడ పోయించినారట. హృదయ విద్యుల్లేఖనము తీస్తే తరంగములు చదునై, పొటాసియము తగ్గినప్పుడు కనిపించే రీతిలో ఉన్నవి. రక్తపరీక్షలో పొటాసియము లీటరుకు 2.1 మిల్లీమోలులు వచ్చినది. మూడున్నరకు తగ్గరాదు. రెంటికి దిగితే కండరములు చచ్చుబడతాయి. ఆ తరువాత గుండె లయ తప్పుతుంది. విచిత్రమేమిటంటే, బిళ్ళ వేసుకొంటూ ఉన్నా రక్తపీడనము 170కి పైనే ఉన్నది.

నేను ఇచ్చిన బిళ్ళ పొటాసియమును కొంత తగ్గిస్తుందని నాకు తెలుసు. ఇంతగా తగ్గించదని కూడ తెలుసు. సిరలోకి పొటాసియము మెల్లగా ఎక్కిస్తూ, గుండెను గమనిస్తూ, రాత్రంతా కారణములు వెదకినాను. విరేచనములు లేవు, వాంతులు లేవు. తెల్లవారుజామున అతని భార్యను మరల అడిగినాను: ఇంకేమైనా తింటున్నాడా అమ్మా? ఆమె చేతిసంచిలోనుండి కాగితపు పొట్లము ఒకటి తీసి విప్పినది. లేత పసుపుపచ్చని, నారగా ఉన్న పొడి. వాసనలో ఏమీ లేదు. నాలుక కొసకు అద్దుకొన్నాను. తియ్యదనము గొంతు దాకా పాకి చాలాసేపు పోలేదు.

అతిమధురము. మా అవ్వ దగ్గుకు బుగ్గన పెట్టిన వేరు. కడప జిల్లాలో నేను పెరిగిన ఇంటిలో మిరియాలు, శొంఠి ఉన్న పెట్టెలోనే అది ఉండేది. సంస్కృతములో యష్టిమధువు, కర్నూలు పాత ఊరిలోని హకీములకు ములేఠీ. ఆయుర్వేదము, యూనానీ రెండూ దీనిని కడుపు పుండ్లకు శతాబ్దములుగా వాడుతున్నవి. అతని భార్యకు బంధువులెవరో చెప్పగా, కర్నూలులో పచారి అంగడినుండి తెప్పించి, మూడు నెలలుగా పూటకు ఒక చెంచాడు చొప్పున మూడు పూటలా మజ్జిగలో కలిపి ఇస్తున్నది.

వైద్యవిద్యార్థిగా దీనిని నేను చదువుకొన్నాను. పరీక్షలో వ్రాసి కూడ ఉంటాను. 1940లలో నెదర్లాండ్సులో రెవర్సు అనే వైద్యుడు, ఒక మందుల అంగడివాడు అమ్ముతున్న అతిమధురపు రసముతో జఠర వ్రణములు గల రోగులు కుదుటపడటము గమనించినాడు. తానూ వాడి చూసినాడు. పుండ్లు మానటము నిజమే. కాని కొందరికి ముఖము, కాళ్ళు ఉబ్బి, రక్తపీడనము పెరిగినది. ఆయన ఈ రెండు సంగతులనూ దాచక వ్రాసినాడు. ఆ తరువాత 1960లలో ఆంగ్లేయులు అతిమధురములోని సారమునుండి కార్బెనాక్సొలోన్ అనే మందును తయారుచేసినారు. జఠర వ్రణమును నిజముగా మాన్పుతుందని రోగులపై పరీక్షలలో తేలిన తొలి మందులలో అది ఒకటి. ఆమ్లమును తగ్గించి కాదు, గోడను బలపరచి మాన్పుతుంది. జిగురును పెంచుతుంది, ప్రోస్టాగ్లాండినులను విరిగిపోనీయదు. మూలిక కడుపు పొరను కాపాడగలదా అన్న ప్రశ్నకు ప్రపంచ వైద్యములో ఇంతకంటె గట్టి అవునన్న సమాధానము నాకు తెలియదు.

ఆ మందు ఈనాడు కడుపుకు ఎందుకు వాడుకలో లేదు? 1976లో సిమెటిడిన్ వచ్చినది. ఆ తరువాత రానిటిడిన్, 1980ల చివర ఒమెప్రజోల్. అవి ఎక్కువ పనిచేస్తూ తక్కువ హాని చేసినవి. కార్బెనాక్సొలోన్ తీసుకొన్నవారిలో రక్తపీడనము పెరగటము, పొటాసియము పడిపోవటము తరచుగా కనిపించేవి.

దీని కీలకము మూత్రపిండములలో ఉన్నది. మన రక్తములో కార్టిసాల్ అనే హార్మోను ఎల్లప్పుడు సమృద్ధిగా ఉంటుంది. మూత్రపిండములలో ఉప్పును నిలిపి పొటాసియమును బయటకు పంపే గ్రాహకములు ఉన్నవి. అవి ఆల్డోస్టిరోన్ అనే వేరొక హార్మోను ఆజ్ఞకు పనిచేయాలి. కాని కార్టిసాల్ కూడ వాటిలో చక్కగా ఇముడుతుంది. అది దూరకుండా, దానిని పనికిరాని కార్టిసోనుగా మార్చే ఎంజైము ఒకటి అక్కడ కాపలా ఉంటుంది. అతిమధురములోని గ్లిసిరైజిన్ పేగులలో మారి, ఆ ఎంజైమును నిద్రపుచ్చుతుంది. అప్పుడు కార్టిసాల్ లోనికి చొరబడి, ఉప్పును నిలిపి, పొటాసియమును తోడి పోస్తుంది. రక్తపీడనము పెరుగుతుంది. నా రోగికి తొలిరోజు కనిపించిన 164/100కు చాలా భాగము ఆ పొడియే కారణము. డైక్లోఫెనాక్ మరికొంత తోడైనది. పొడి వలన పెరిగిన రక్తపీడనమునకు నేను పొటాసియమును పోగొట్టే బిళ్ళనే ఇచ్చినాను. ఒకే కుండకు క్రిందినుండి రెండవ చిల్లు పెట్టినట్లయినది.

గ్లిసిరైజిన్ రోజుకు వంద మిల్లీగ్రాములకు మించరాదని ఐరోపా ఆహార నిపుణుల సంఘము సూచించినది. మూడు చెంచాల పొడి ఎనిమిది తొమ్మిది గ్రాములు తూగుతుంది. వేరులో గ్లిసిరైజిన్ నూటికి నాలుగు పాళ్ళని తక్కువగా లెక్కకట్టినా అతడు తిన్నది మూడువందలకు పైమాటే. గ్లిసిరైజిన్ తీసివేసిన అతిమధురము ఇప్పుడు బిళ్ళలుగా దొరుకుతుంది. దానికి ఈ దోషము చాలా తక్కువ, కడుపుకు చేసే మేలు గూర్చి మాత్రము సాక్ష్యము అంత బలమైనది కాదు. పచారి అంగడి పొడిలో ఏదీ తీసివేయబడదు. ఒక్కొక్కప్పుడు అది అతిమధురమే కాకపోవచ్చు కూడ. ఈ వేరు మన సీమది కాదు, ఇరాను, అఫ్గనిస్థాను, మధ్య ఆసియాలనుండి వస్తుంది. ఖరీదు పెరిగినప్పుడు మన కంచెలలో అల్లుకొనే గురివింద తీగ వేరును దీనికి బదులుగా వాడటము పూర్వమునుండి ఉన్నదే.

మూడవనాడు అతడు లేచి కూర్చొన్నాడు. ఐదవనాడు గోడ పట్టుకొని నడిచినాడు. పొడిని, నా బిళ్ళను రెంటినీ ఆపినాము. నెల తిరిగేసరికి ఏ మందూ లేకుండా రక్తపీడనము 136/84కు దిగినది. జఠరములోకి దర్శిని వేసి చూస్తే, పొరపై రెండు మూడు చిన్న ఒరుపులు తప్ప పుండు లేదు. రెండేళ్ళు రోజుకు రెండు డైక్లోఫెనాక్ బిళ్ళలు మింగిన జఠరమునకు అది తక్కువ దెబ్బయే. పొడి కాపాడిందా, అదృష్టము కాపాడిందా అన్నది ఒక్క మనిషిని చూసి చెప్పరాదు. అయినా అది కాపాడి ఉండవచ్చునన్న ఆలోచన నన్ను ఇప్పటికీ విడువదు. ఆమె అనుకొన్న పని ఆ పొడి చేసే ఉండవచ్చు. దానితోపాటు ఆమెకు తెలియని పని, నేను తెలిసీ తలచుకోని పని కూడ చేసినది.

ఇంటికి వెళ్ళే రోజున ఆమె, "నేనే సారూ తెచ్చి పెట్టింది. నా చేత్తో నేనే కలిపి ఇచ్చినా" అని కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. "పొడి ఇక వాడకమ్మా" అన్నాను. అది తప్పు మాట కాదు. కాని ఆమె వినవలసిన మాట వేరొకటి ఉన్నది. అతడు అడిగినాడు, నేను వినలేదు; ఆ తప్పు నీది కాదు, నాది అని చెప్పి ఉండవలసినది. చెప్పలేదు. వార్డులో విద్యార్థులు ఉన్నారు, నర్సులు ఉన్నారు. ఆమె ఆ భారమును మోసుకొనియే ఊరికి వెళ్ళినది.

అప్పటినుండి మూలికల పరిశోధనలను కొంత శ్రద్ధతో చదువుతున్నాను. వేళాకోళము చేయటము మానినాను. గుడ్డిగా నమ్మటము మాత్రము అలవడలేదు. మన కడప కొండల ఎర్రచందనపు చెక్క సారము ఐబుప్రొఫెన్ వలన కలిగే పుండ్లనుండి ఎలుకల జఠరమును కాపాడిందని 2005లో ఒక పత్రము వచ్చినది. ఆసక్తికరమే. కాని ఎలుకకు ముందుగా సారము పోసి, వెంటనే పుండు కలిగించి, కొన్ని గంటలకు కోసి చూడటము ఒకటి. గని కూలీకి ఏళ్ళ తరబడి తెలియని మోతాదులో పెట్టటము మరొకటి. పైగా ఆ చెట్టును నరకటము నేరము. దాని కోసము శేషాచలములో ప్రాణములు పోయినవి. కడుపు మంటకు ఎవరూ దాని జోలికి పోవద్దు.

అరటికాయ మాట వేరు. సన్యాల్ గారు, వారి సహచరులు 1960లలోనే పచ్చి అరటికాయ పొడి జంతువులలో జఠర వ్రణములను అడ్డుకొంటుందని చూపినారు. 1984లో బ్రిటనునుండి వచ్చిన పత్రము, పచ్చి కూర అరటి పొడి ఆస్పిరిన్ పుండ్లను నివారించటమే కాక, జఠరపు పొరలో కొత్త కణముల వృద్ధిని ప్రేరేపించిందని తెలిపినది. ఆమ్లమును తాకకుండా గోడను దిట్టము చేసే తీరు ఇది. మనుషులపై జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దివి. కాబట్టి అరటికాయను నేను మందు అనను. రైల్వేకోడూరు, పులివెందుల తోటలున్న సీమలో కడుపు మంట ఉన్నవారు వారమునకు రెండుమూడు మార్లు కూర అరటికాయను ఉడికించి తింటే నష్టమేమిటి? ఏమీ లేదు. మూత్రపిండములు చెడినవారు మాత్రము దానిలోని పొటాసియము సంగతి తమ వైద్యుని అడగాలి. నూనెలో వేయించి కారము చల్లిన అరటికాయ బజ్జీలను గూర్చి నేను చెప్పటము లేదని పాఠకులు గ్రహించగలరు.

కారము మాట వచ్చినది కాబట్టి మరొకటి. సీమవాళ్ళకు పేగుపూత ఎర్రకారము వలననే వస్తుందని నేను కూడ చాలా ఏళ్ళు నమ్మినాను, రోగులకు చెప్పినాను. 1995లో సింగపూరు వైద్యులు పద్ధెనిమిదిమంది ఆరోగ్యవంతులకు ఆస్పిరిన్ ఇచ్చి, జఠరములోకి దర్శినితో చూసినారు. ముందుగా ఇరవై గ్రాముల మిరపపొడి నీళ్ళలో కలిపి త్రాగినప్పుడు పొరకు కలిగిన దెబ్బ, వట్టి నీళ్ళు త్రాగినప్పటికంటె తక్కువగా ఉన్నది! ఇది విని ఎవరూ కారపు నీళ్ళు త్రాగనక్కరలేదు. ఉన్న పుండును కారము మండిస్తుంది. మంట వేరు, పుండు వేరు. కారపు దోసె తినే మనిషిని నేరస్థుని చేసి, అతని జేబులోని నొప్పి బిళ్ళల అట్టను చూడకుండా వదిలిన వైద్యులలో నేను ఒకడిని.

షర్బతు బండి దగ్గరి పెద్దమనిషికి నేను చెప్పినది ఇది. ఆయన వయస్సు డెబ్బై. గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నాడు. దానిపైన మోకాళ్ళకు రోజూ నొప్పి బిళ్ళ. అరవైఐదు దాటినవారు, మునుపు పుండు వచ్చినవారు, ఆస్పిరిన్ గాని రక్తమును పలుచన చేసే మందులు గాని స్టిరాయిడ్లు గాని వాడుతున్నవారు నొప్పి బిళ్ళ వేసుకొంటే జఠరములో రక్తస్రావము జరిగే అవకాశము బాగా పెరుగుతుంది. ముందు నొప్పి మందును మార్చుకోవాలి. పారసిటమాల్ సరియైన మోతాదులో, పైపూత మందులు, తొడ కండరములకు వ్యాయామము, బరువు తగ్గటము, ఇవి చాలావరకు పని జరుపుతాయి. నొప్పి బిళ్ళ తప్పనిసరియైతే, అతి తక్కువ దినములు, దానితో ఒమెప్రజోల్ వంటి మందు వైద్యుడు చెప్పిన ప్రకారము వాడాలి. ఆనాడు నేను నా రోగికి వ్రాసిన రానిటిడిన్ మామూలు మోతాదులో చిన్నప్రేగు మొదటి భాగమును కాపాడినంతగా జఠరమును కాపాడదని తరువాత తేలినది. మలము తారువలె నల్లగా పోతే, వాంతిలో రక్తము గాని కాఫీ పొడివంటి నలుసులు గాని కనిపిస్తే, ఏ పొడి కోసమూ, ఏ షర్బతు కోసమూ ఆగకూడదు. ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. మంట లేదు గదా అని ధైర్యపడరాదు. నొప్పి బిళ్ళ పుండు నొప్పిని కూడ కప్పిపుచ్చుతుంది. నేను చూసిన రక్తస్రావములలో చాలామందికి అంతకుముందు కడుపునొప్పియే లేదు.

నొప్పులకు "ఆకుమందు" అని అమ్మే పొడులు, గుళికలు వేరొక జాతి. రెండు రోజులలో నడుము నొప్పి మాయమైతే, అందులో ఆకుతో పాటు స్టిరాయిడో, నొప్పి బిళ్ళ పొడియో కలిసి ఉన్నదని అనుమానించాలి. ముఖము చందమామవలె గుండ్రముగా ఉబ్బి వచ్చిన ఎందరినో చూసినాను. ఏ మందూ వాడలేదని వారు ప్రమాణము చేసేవారు. వారి దృష్టిలో అది మందు కాదు, ఆకు.

ఆ గని కూలీ తరువాత చాలా ఏళ్ళు నా వద్దకు వచ్చినాడు. కొడుకు ఎదిగి సంపాదనకు రాగానే బండలు లేపటము మాని, కాటా దగ్గర కావలి పనిలో చేరినాడు. కూర్చొని చేసే పని. బిళ్ళలు ఎవరూ చెప్పకుండానే తగ్గినవి. అతని జఠరమును చివరకు కాపాడినది ఆ కుర్చీయేనని నా అభిప్రాయము. భార్య ప్రతిసారి వెంట వచ్చేది. ఏదైనా వాడే ముందు పొట్లము తెచ్చి నా బల్లమీద విప్పేది. పసుపు, శొంఠి, ఒకసారి పిల్లిపీచర గడ్డల పొడి. నేను చూసి, వాసన చూసి, ఫరవాలేదనో వద్దనో చెప్పేవాడిని. ఆనాడు చెప్పవలసిన మాట చెప్పటానికి నాకు మరి నాలుగేళ్ళు పట్టినది. విని ఆమె, "అదేంటికి సారూ ఇప్పుడు" అని నవ్వి, పొట్లము మడిచి సంచిలో వేసుకొన్నది.

ఆ ఏడే నా మందుల చీటీలు కొత్తగా అచ్చు వేయించినాను. పేరు, వయస్సు, బరువు తరువాత ఒక వరుస కలిపించినాను: ఇంటిలో వాడే పొడులు, కషాయములు, పసరులు. పదవీ విరమణ చేసే నాటికి ఆ వరుసలో ఏమీ లేదని వ్రాయించినవారు నాకు గుర్తున్నంతవరకు సగముకంటె తక్కువ. అతిమధురము పేరు దానిలో ఇరవై ముప్పై మార్లు కనిపించినది. ఒకసారి ఆ వరుసలో, అల్లము అంగడి నడిపే ఒకామె కొడుకు పెద్ద అక్షరములతో "నన్నారి, రోజుకు మూడు గ్లాసులు" అని వ్రాసినాడు. ఆమె చక్కెర ఆనాడు 310.